నర్సింగ్ మొదటి సంవత్సరం: మైక్రోబయాలజీ అంటే భయమెందుకు?

ఇంటర్ లో సి.ఇ.సి., హెచ్.ఇ.సి. వంటి గ్రూపులు చదివి నర్సింగులో చేరిన పిల్లలను మొదటి సంవత్సరంలో ఎక్కువగా బెదరగొట్టే సబ్జెక్టు మైక్రోబయాలజీ, అనగా సూక్ష్మజీవుల శాస్త్రము. బి.ఎస్సి. నర్సింగుకు బైపిసి కావాలి గాని, జి.ఎన్.ఎం. కోర్సుకు ఆర్ట్స్ గ్రూపుల వారు కూడా అర్హులే. మన సంఘాల కుటుంబాల నుండి వెళ్ళే పిల్లలలో ఇలాంటివారు చాలామంది ఉంటారు. పదవ తరగతితోనే సైన్సు పుస్తకం మూసేసిన పిల్ల, అందులోనూ తెలుగు మీడియంలో చదివిన పిల్ల, ఒక్కసారిగా ఇంగ్లీషు పాఠంలో స్టెఫిలోకాకస్, క్లాస్ట్రిడియం అనే మాటలు వినేసరికి కంగారు పడిపోతుంది. క్రిస్మస్ సెలవులకు ఇంటికి వచ్చి "అమ్మా, నేనింక వెళ్ళను" అని ఏడ్చే పిల్లలు ఉన్నారు. తల్లిదండ్రులకు ఏమి చెప్పాలో తోచదు. "సైన్సు చదవని పిల్లను పంపించి తప్పు చేశామేమో, మానిపించేద్దాం" అనుకుంటారు. మానిపించే ముందు ఈ నాలుగు విషయాలు ఆలోచించండి.

ఈ సబ్జెక్టు ఎంత ఉంటుందో మొదట తెలుసుకోవాలి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2015 నాటి జి.ఎన్.ఎం. సిలబస్ లో అనాటమీ, ఫిజియాలజీకి 90 గంటలు కేటాయిస్తే మైక్రోబయాలజీకి 30 గంటలే కేటాయించారు. పిల్లను నర్సుగా తయారు చేయడానికే గాని శాస్త్రవేత్తను చేయడానికి కాదు ఈ పాఠం. అయితే ఈ 30 గంటలూ సరిగా అర్థం కాకపోతే నష్టపోయేది ఆ పిల్ల ఒక్కతే కాదు. రేపు ఆమె చేతితో కట్టు కట్టించుకునే రోగి కూడా నష్టపోతాడు.

మీ వంటగదిలోనే ఉంది

సైన్సు చదవలేదని బాధపడే పిల్లను ఒకసారి వంటగదిలోకి తీసుకువెళ్ళండి. కాచిన పాలు గోరువెచ్చగా అయ్యాకే ఎందుకు తోడు వేస్తాము? మరీ వేడిగా ఉంటే తోడులోని లాక్టోబాసిల్లస్ వంటి బాక్టీరియా చచ్చిపోతాయి, మరీ చల్లగా ఉంటే పెరగవు. చలికాలంలో పెరుగు త్వరగా తోడుకోకపోవడానికి కారణం ఇదే. ఇడ్లీ పిండి రాత్రికి పొంగేది అందులో ల్యూకోనోస్టాక్ అనే బాక్టీరియా వదిలే వాయువు వలన. ఆవకాయ ఏడాదంతా నిలిచేది ఉప్పు, నూనె, పులుపు ఉన్నచోట చాలా క్రిములు బ్రతకలేవు గనుక. జాడీలో తడి గరిటె పెడితే బూజు పట్టేది ఆ తడి వలన. ఇవన్నీ తెలిసిన ఇంటి పిల్లకు "సూక్ష్మజీవుల పెరుగుదలకు కావలసిన పరిస్థితులు" అనే పాఠం కొత్తది కాదు. ఉష్ణోగ్రత, తేమ, ఆహారం, ఆమ్లత్వం అని పుస్తకంలో ఉండే పేర్లు మాత్రమే కొత్తవి.

ప్రయోగశాలలో క్రిములను పెంచే పళ్ళెంలో వాడే అగార్ కూడా వంటగది నుండి వచ్చినదే. జర్మనీలో రాబర్ట్ కాక్ గారి ప్రయోగశాలలో పనిచేసిన వాల్టర్ హెస్సే అనే వైద్యుడు జెలటిన్ తో తంటాలు పడుతూ ఉండేవాడు. వేడికి అది కరిగి నీరైపోయేది. మన శరీరపు వేడి 37 డిగ్రీలు. ఆ వేడిలోనే క్రిములను పెంచాలి, ఆ వేడికే జెలటిన్ నిలవదు. ఆయన భార్య ఫ్యానీ హెస్సే తన ఇంట్లో జెల్లీలు గట్టిపడటానికి సముద్రపు పాచి నుండి తీసే అగార్ వాడేది. 1881లో అది వాడి చూడమని చెప్పింది ఆమే. మన కొట్లలో చైనా గ్రాస్ అని అమ్మేది అదే పదార్థం. ఆ మరుసటి ఏడు, 1882 మార్చి 24న, కాక్ క్షయవ్యాధి క్రిమిని కనుగొన్నట్లు ప్రకటించాడు. నేటికీ ప్రపంచంలోని ప్రయోగశాలలలో అగార్ పళ్ళేలే వాడుతున్నారు.

అసలు బాక్టీరియాను మొట్టమొదట చూసిన లీవెన్ హుక్ కూడా కాలేజీ చదివినవాడు కాదు. హాలెండులో బట్టల వ్యాపారి. నేత నాణ్యత చూడటానికి బట్టల వ్యాపారులు వాడే భూతద్దాలతో మొదలుపెట్టి, తానే కటకాలు నూరుకుని 1670లలో నీటిబొట్టులోని జీవులను చూశాడు.

పేర్లను విడదీసి చదవాలి

పిల్లలు చేసే పొరపాటు ఏమిటంటే పేర్లను మంత్రంలా బట్టీ పడతారు. ఆ పేర్లు చాలావరకు గ్రీకు, లాటిన్ భాషలలో సామాన్యమైన మాటలే. కాకస్ అంటే గింజ. బాసిల్లస్ అంటే చిన్న కర్ర. స్టెఫిలో అంటే ద్రాక్ష గుత్తి, కాబట్టి స్టెఫిలోకాకస్ అంటే ద్రాక్ష గుత్తిలా కనిపించే గింజలు. స్ట్రెప్టోకాకస్ పూసల దండలా వరుసగా ఉంటుంది. మైక్రోస్కోపులో చూస్తే అవి అలాగే ఉంటాయి. పేరు తెలిస్తే బొమ్మ వేయవచ్చు, బొమ్మ వేస్తే మార్కులు వస్తాయి. ఇక కొన్ని పేర్లు మనుషులవి. సాల్మొనెల్లా అన్నది సాల్మన్ అనే అమెరికా పశువైద్యుని పేరు, చేపకు సంబంధం లేదు. ఎషరీషియా అన్నది ఎషరిష్ అనే పిల్లల వైద్యుని పేరు.

గ్రామ్ స్టెయిన్ దగ్గర ఇంకో తికమక ఉంది. గ్రామ్ అంటే తూకం కాదు. 1884లో ఈ పద్ధతిని కనిపెట్టిన డెన్మార్కు వైద్యుని పేరు అది. స్లైడు మీద ఊదారంగు వేసి, అయోడిన్ తో పట్టించి, ఆల్కహాలుతో కడుగుతారు. గోడ మందంగా ఉన్న బాక్టీరియా రంగు వదలవు, ఊదాగానే ఉంటాయి. వీటిని గ్రామ్ పాజిటివ్ అంటారు. గోడ పలుచగా ఉన్నవి రంగు కోల్పోతాయి, తరువాత వేసే రెండవ రంగుతో గులాబీగా కనబడతాయి. ఇవి గ్రామ్ నెగటివ్. అద్దకం తెలిసిన ఇళ్ళ పిల్లలకు ఇది చెప్పనక్కరలేదు, రంగు నిలిచే బట్ట, వెలిసిపోయే బట్ట వారికి తెలుసు. దీనివలన ఉపయోగం ఏమిటంటే, కల్చర్ ఫలితం రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, ఈ రంగు పరీక్ష కొద్దిసేపట్లో అయిపోతుంది. ఏ రకం యాంటీబయాటిక్ తో మొదలుపెట్టాలో డాక్టరుగారికి ఒక ఆధారం దొరుకుతుంది.

ప్రతి క్రిమినీ అడగవలసిన ప్రశ్నలు

వ్యాధుల పట్టికను పై నుండి క్రిందికి బట్టీ పట్టవద్దు. క్రిమిని ఒక ప్రయాణికుడు అనుకోమనండి. ఎక్కడ ఉంటాడు? ఏ దారిన బయటకు వస్తాడు? దేని మీద ప్రయాణం చేస్తాడు? మరొకరి శరీరంలోకి ఏ దారిన వెళతాడు? దేనికి చస్తాడు? ఈ ప్రశ్నలకు జవాబు వస్తే సగం పాఠం వచ్చినట్లే, వార్డులో ఏమి చేయాలో కూడా వాటి నుండే తెలుస్తుంది.

టైఫాయిడ్ క్రిమి మనిషి ప్రేగులలో, పిత్తాశయంలో ఉంటుంది. మలం ద్వారా బయటకు వస్తుంది. నీరు, ఆహారం, ఈగలు, కడగని చేతుల ద్వారా మరొకరి నోటికి చేరుతుంది. మరిగిస్తే చస్తుంది, క్లోరిన్ కు చస్తుంది. ఇంతే. మలేరియా మోసుకెళ్ళేది దోమ. ఆ క్రిమిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ చూసింది మన సికింద్రాబాదులోనే, బేగంపేటలో, 1897 ఆగస్టు 20న.

క్షయ గూర్చి కాస్త నిదానంగా చదవాలి, మన వార్డులలో ఎక్కువగా కనిపించేది కాబట్టి. దగ్గినప్పుడు వచ్చే అతి చిన్న తుంపర గాలిలో చాలాసేపు తేలుతూ ఉంటుంది. అందుకే కిటికీలు తెరవమని సిస్టర్లు పోరుతూ ఉంటారు. ఈ క్రిమికి మైనం వంటి పొర ఉంటుంది, గ్రామ్ రంగు సరిగా ఎక్కదు, వేరే రంగు పద్ధతి కావాలి. ఇది మహా నిదానంగా పెరుగుతుంది. ప్రేగులలో ఉండే ఇ.కోలై అనుకూల పరిస్థితులలో ఇరవై నిమిషాలకు ఒకసారి రెండవుతుంది. ఆ లెక్కన ఒక్క క్రిమి ఎనిమిది గంటలలో 1 కోటి 67 లక్షలు దాటుతుంది. క్షయ క్రిమి రెండు కావడానికి 15 నుండి 20 గంటలు పడుతుంది. చాలా మందులు పెరుగుతున్న క్రిమిమీదనే బాగా పనిచేస్తాయి. నిదానంగా పెరిగేవి, పెరగకుండా దాగి ఉండేవి మిగిలిపోతాయి. సాధారణ క్షయకు కూడా ఆరు నెలలు మందులు వాడమనేది అందుకే. రెండు నెలలకు దగ్గు తగ్గిందని మందులు మానేసే రోగికి "వాడాలి బాబూ" అని మాత్రమే చెప్పే నర్సుకు, ఎందుకు వాడాలో చెప్పగల నర్సుకు చాలా తేడా ఉంది. రోగి వినేది రెండవ ఆమె మాట.

ధనుర్వాతం క్రిమి మరో రకం. మట్టిలో, పశువుల పేడలో గట్టి కవచంతో నిద్రపోతూ ఉంటుంది. ఈ స్థితిని స్పోర్ అంటారు. మామూలుగా నీళ్ళు మరిగిస్తే స్పోర్ చస్తుందని నమ్మలేము. ఆపరేషను పనిముట్లను గిన్నెలో మరిగించి సరిపెట్టకుండా ఆటోక్లేవ్ లో పెట్టేది ఇందుకే. అందులో చదరపు అంగుళానికి 15 పౌన్ల ఒత్తిడితో ఆవిరి 121 డిగ్రీలకు వేడెక్కుతుంది, కనీసం 15 నిమిషాలు ఉంచాలి. మన ఇంటి ప్రెషర్ కుక్కరు పనిచేసేది కూడా ఈ సూత్రం మీదనే, పప్పు త్వరగా ఉడికేది ఆ అదనపు వేడికే. చేతులకు రాసుకునే ఆల్కహాలు ద్రవం కూడా స్పోర్లను చంపలేదు, అక్కడ సబ్బు, నీళ్ళతో కడుక్కోవలసిందే. ఇంకొక సంగతి. ధనుర్వాతం ఒకరి నుండి ఒకరికి అంటదు. ఆ రోగిని చీకటి గదిలో ఒంటరిగా ఉంచేది అంటువ్యాధి అని కాదు. వెలుతురుకు, చప్పుడుకు కండరాలు బిగిసి ఈడ్పులు వస్తాయి గనుక. బంధువులు ఇది తెలియక భయపడి దగ్గరకు రారు.

రోగులకు దీనితో ఏమి పని?

కఫం పరీక్షకు డబ్బా ఇస్తే చాలామంది ఉమ్మి ఇస్తారు. ఉమ్మిలో క్షయ క్రిమి కనబడక "లేదు" అని రిపోర్టు రావచ్చు. జబ్బు మాత్రం ఊపిరితిత్తులలోనే ఉంటుంది. లోపలి నుండి గట్టిగా దగ్గి తీసిన కఫం ఇవ్వాలని ఓపికగా చెప్పవలసింది నర్సు. మూత్రం సీసాను బల్లమీద రెండు గంటలు వదిలేస్తే అందులోని బాక్టీరియా ఎన్నో రెట్లు పెరిగి లేని జబ్బు ఉన్నట్లు చూపవచ్చు. యాంటీబయాటిక్ ఇచ్చాక కల్చర్ కు రక్తం తీస్తే క్రిమి దొరకకపోవచ్చు. ఖరీదైన యంత్రం కూడా ఈ పొరపాట్లను సరిదిద్దలేదు.

చేతుల సంగతి అందరికీ తెలిసిందే గాని ఒక లెక్క చెప్పాలి. 1847లో వియన్నా నగరంలోని ఒక ప్రసూతి విభాగంలో ఏప్రిల్ నెలలో నూటికి 18 మందికి పైగా బాలింతలు జ్వరంతో చనిపోయారు. శవపరీక్ష చేసిన చేతులతోనే డాక్టర్లు, విద్యార్థులు కాన్పులు చేస్తున్నారని గ్రహించిన సెమ్మెల్ వైస్, క్లోరిన్ ద్రావణంతో చేతులు కడిగించాడు. జూన్ నాటికి ఆ మరణాలు నూటికి రెండుకు దగ్గరగా తగ్గాయి. అప్పటికి క్రిముల వలన జబ్బులు వస్తాయని రుజువు కూడా కాలేదు. ఆయన మాట చాలామంది డాక్టర్లు ఒప్పుకోలేదన్నది వేరే కథ.

ఇంట్లోవారు చేయగలిగినది

పిల్ల సెలవులకు వచ్చినప్పుడు "ఎన్ని మార్కులు?" అని అడగకండి. "టైఫాయిడ్ ఎలా వస్తుందే? నాకు తెలుగులో చెప్పు" అని అడగండి. ఇంగ్లీషులో వ్రాసేది తెలుగులో అమ్మకు చెప్పగలిగిందంటే అర్థమైనట్లే. చెప్పలేక తడబడితే అక్కడ మళ్ళీ చదవాలని ఆమెకే తెలుస్తుంది. ఒక చిన్న నోటు పుస్తకంలో ఇంగ్లీషు పేరు, ప్రక్కన తెలుగులో దాని అర్థం, ఒక బొమ్మ వేసుకుంటే చాలు. రోజుకు రెండు మూడు పేర్లు మించవద్దు. పెద్ద గైడ్లు కొనవలసిన పని లేదు. కాలేజీ పుస్తకం, టీచరు చెప్పిన నోట్సు చాలు. ప్రాక్టికల్ రోజున మాత్రం సెలవు పెట్టనివ్వకండి. స్లైడు మీద ద్రాక్ష గుత్తిని తన కంటితో చూసిన పిల్ల ఆ పేరు మరచిపోదు.

వార్డు డ్యూటీ మొదలయ్యేలోగా హెపటైటిస్-బి టీకా సంగతి తప్పక చూడండి. ఈ వైరస్ రక్తం ద్వారా, సూది గ్రుచ్చుకోవడం ద్వారా వస్తుంది. నర్సింగు విద్యార్థికి ఈ ప్రమాదం మిగతావారికంటే ఎక్కువ. పసితనంలో వేయించిన కార్డు ఉంటే కాలేజీలో చూపించండి. లేకపోతే మూడు డోసులు వేయించాలి. మొదటిది వేసిన నెలకు రెండవది, ఆరు నెలలకు మూడవది. మూడవది వేసిన ఒకటి రెండు నెలలకు రక్తపరీక్ష చేయిస్తే రక్షణ వచ్చిందో లేదో తెలుస్తుంది. మొదటి డోసు ఈ సెలవులలోనే వేయించి పంపండి.