నలుగురి చేతిలోని రహస్యపదము

ఇంటికి తాళపుచెవి ఒక్కటే ఉన్నను దానిని వాడువారు నలుగురుందురు. ఉదయము ఇల్లాలి కొంగున ఉన్నది సాయంకాలమునకు కోడలి చేతికి వచ్చును. అందరును ఊరికి పోవునాడు పొరుగువారికడ ఉండును. అది ఎన్ని చేతులు మారినను ఒక్కటే వస్తువు గనుక, ఏ వేళ ఎవరికడ ఉన్నదో తెలియును. తిరిగి పుచ్చుకొన్నంతనే ఇచ్చినవారి చింత తీరును. నేటి సంసారములందు మరియొక విధమైన తాళపుచెవి ప్రవేశించినది. అదియే పాస్‌వర్డు. కరెంటు బిల్లు కట్టుటకు, రైలు టిక్కెట్టు కొనుటకు, గ్యాసు బండ తెప్పించుటకు, బడి ఫీజు చెల్లించుటకు ఒక్కొక్క పాస్‌వర్డు కావలెను. దానిని కూడ ఇంటిలో నలుగురు వాడుదురు. కాని అది వస్తువు కాదు, మాట. ఒకరికి చెప్పినంతనే అది ఇద్దరిదగును. తిరిగి పుచ్చుకొందమన్న సాధ్యము కాదు.

సాధారణముగా మనవారు దీనిని ఎట్లు పంచుకొనుచున్నారు? ఫోనులో ఒక సందేశముగా వ్రాసి పంపుచున్నారు. ఆ సందేశము పంపినవారి ఫోనులో ఒకటి, అందుకొన్నవారి ఫోనులో ఒకటి, ఫోను తనంతట తాను దాచుకొను నకళ్లలో మరియొకటిగా నిలిచిపోవును. ఏడాది తరువాత ఆ ఫోను అమ్మినను, మరమ్మతునకు ఇచ్చినను, పోగొట్టుకొన్నను ఆ మాట దానితో పోవును. ఈ చిక్కు తీర్చుటకే పాస్‌వర్డులను భద్రపరచి, కోరినవారితో పంచుకొనుటకు వీలు కల్పించు సాఫ్ట్‌వేర్లు బయలుదేరినవి. వీనిని తయారుచేయువారు అప్పుడప్పుడు కొన్ని మార్పులు చేసి, అప్‌డేటు వచ్చినదని ప్రకటింతురు. మనలో చాలమంది ఆ ప్రకటనను చదువకయే వ్రేలితో ప్రక్కకు నెట్టివేయుదుము. దానిలో మన ఇంటికి పనికివచ్చు సంగతి ఏది, పనికిరానిది ఏది అని గుర్తించుటకు కావలసినంత పరిజ్ఞానమును పాఠకులకు అందించుట మా ఉద్దేశము.

ముందుగా కొంత పూర్వకథ. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కార్బటో నాయకత్వమున 1961 లో ఒక ఏర్పాటును ప్రదర్శించిరి. ఒకే కంప్యూటరును పలువురు ఏకకాలమున వాడుకొనుటకు వీలైన ఏర్పాటది. ఎవరి కాగితములు వారికే కనబడుటకై అందు ఒక్కొక్కరికి ఒక పాస్‌వర్డు ఇచ్చిరి. ఆ పాస్‌వర్డులన్నియు ఒకే జాబితాలో, ఉన్నవి ఉన్నట్లుగా వ్రాసి ఉండెడివి. 1962 లో ఆలన్ షెర్ అను పరిశోధకుడు తనకు కేటాయించిన కాలము చాలక, ఆ జాబితాను అచ్చువేయించుకొని ఇతరుల పేర కంప్యూటరును వాడుకొనెను. మరి కొన్నేండ్లకు, లోపలికి వచ్చువారికి పలుకవలసిన స్వాగత వాక్యముల స్థానమున, పొరపాటున ఆ పాస్‌వర్డుల జాబితాయే అందరి యెదుట అచ్చుపడినది. రహస్యమును ఉన్నది ఉన్నట్లుగా ఒకచోట వ్రాసి పెట్టరాదన్న పాఠము ఆనాడే తేలినది.

1979 లో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ విషయముపై ఒక ప్రసిద్ధ వ్యాసము ప్రకటించిరి. వారు చెప్పిన ఉపాయము మన వంటింటి భాషలో ఇట్లుండును. బియ్యమును పిండి చేయవచ్చును గాని, పిండిని మరల బియ్యము చేయలేము. అట్లే పాస్‌వర్డును విసిరి, ఆ పిండిని మాత్రమే దాచవలెను. మనిషి వచ్చి పాస్‌వర్డు చెప్పినపుడు దానిని కూడ విసిరి, రెండు పిండులును ఒక్కటేనా అని చూడవలెను. ఒకే పాస్‌వర్డును ఇద్దరు పెట్టుకొన్నను పిండి వేరుగా కనబడుటకు వారు ఒక్కొక్కదానిలో వేరువేరుగా ‘ఉప్పు’ కలిపిరి. నిజముగనే దానికి వారు పెట్టిన పేరు ఉప్పే. అది 4,096 రకములలో ఒకటి. ఊహించి చూచువానికి శ్రమ హెచ్చుటకై 25 మారులు విసిరిరి. వారే 3,289 పాస్‌వర్డులను సేకరించి పరీక్షింపగా 2,831, అనగా నూటికి 86 వంతులు, అతి పొట్టివియో నిఘంటువులో దొరకునవియో అని తేలినది. మనిషి స్వభావము నాటికిని నేటికిని అంతగా మారలేదు.

అయితే పిండి చేయు పద్ధతి పంచుకొనుటకు చాలదు. పంచుకొనవలెనన్న అవతలివారికి అసలు మాటయే మరల చేరవలెను గదా. కావున ఈ సాఫ్ట్‌వేర్లు పాస్‌వర్డులను ఒక పెట్టెలో పెట్టి తాళము వేయును. ఆ తాళము 2001 లో అమెరికా ప్రభుత్వము ప్రమాణముగా స్వీకరించిన ఏ.ఇ.ఎస్. అను గూఢలిపి పద్ధతి. బెల్జియము దేశీయులు జోన్ డామెన్, విన్సెంట్ రైమెన్ దీనిని రూపొందించిరి. పెట్టె తాళపుచెవి ఎచ్చటనుండి వచ్చును? మనము కంఠస్థము చేసికొనిన మూల పాస్‌వర్డును వేలసార్లు, లక్షలసార్లు విసరగా వచ్చిన పిండియే ఆ తాళపుచెవి. ఈ పనియంతయు మన ఫోనులోనే జరుగును. కంపెనీవారి గిడ్డంగికి చేరునది మూసిన పెట్టె మాత్రమే. ఈ ఏర్పాటు సక్రమముగా ఉన్నచోట, గిడ్డంగి యజమానియైనను పెట్టెలోనిది చదువజాలడు.

ఇక పంచుకొనుట. తండ్రి విజయవాడలోను కుమార్తె హైదరాబాదులోను ఉన్నారనుకొందము. తాళపుచెవిని దారిలో ఎవరును చూడకుండ ఎట్లు పంపుట? దీనికి మార్గము చూపినవారు 1976 లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్. ఉపమానముగా చెప్పవలెనన్న, కుమార్తె తన తాళపుకప్పను తెరచి తండ్రికి పంపును. తెరచిన తాళపుకప్పను నొక్కి మూయుట ఎవరికైనను సాధ్యమే. విప్పుట మాత్రము ఆమె ఒక్కతెకే సాధ్యము, దాని చెవి ఆమె చేతినుండి కదలలేదు గనుక. తండ్రి ఉమ్మడి పెట్టె యొక్క తాళపుచెవిని ఒక చిన్న బరిణెలో పెట్టి, ఆ తాళపుకప్పతో మూసి పంపును. అల్లునికి కూడ కావలెనన్న, అల్లుని తాళపుకప్పతో మరియొక బరిణె. పెట్టె ఒక్కటే, బరిణెలు మనిషికొకటి.

ఇందు ఒక సందు కలదు. ఆ తాళపుకప్ప నిజముగా కుమార్తెదేనా? నడుమ ఎవడైనను తన తాళపుకప్పను ఆమెదని చెప్పి అంటగట్టినచో బరిణె వానికే తెరచుకొనును. అందువలన బిట్‌వార్డెన్ వంటి కొన్ని సాఫ్ట్‌వేర్లు ఒక్కొక్కరి తాళపుకప్పకు గుర్తుగా ఐదు మాటల వరుసను చూపును. తండ్రి ఫోను చేసి, కుమార్తె గొంతు గుర్తుపట్టి, ఆమె చదివిన ఐదు మాటలును తన యెదుట ఉన్నవియు సరిపోల్చుకొన్నచో అనుమానము తీరును. దీనికి పట్టునది అర నిమిషము. చేయువారు అరుదు.

ఒక్కసారికి మాత్రమే పంపవలసినపుడు లింకు పద్ధతి ఉన్నది. బిట్‌వార్డెన్ 2021 లో ఇట్టి సౌకర్యము కల్పించినది. ఆ లింకులో ‘#’ గుర్తునకు తరువాతి భాగమున తాళపుచెవి ఉండును. ఆ భాగమును బ్రౌజరు తనకడనే ఉంచుకొనును గాని అవతలి కంప్యూటరునకు పంపదు. ఒక్కసారి చూచినంతనే చెరిగిపోవునట్లు, లేదా ఇన్ని దినములకు మాయమగునట్లు గడువు పెట్టవచ్చును. లింకు దొరికిన పరాయివాడు దానిని ముందుగా తెరువవచ్చును గదా అని కొందరు అడుగుదురు. తెరువవచ్చును. కాని అసలువారు తెరచునప్పటికి అది చెరిగిపోయి ఉండును. లక్క ముద్ర పగిలిన ఉత్తరమువలె, ఎవరో చూచిరని తెలిసిపోవును. వెంటనే పాస్‌వర్డు మార్చుకొనవచ్చును. సామాన్య సందేశమునందు ఆపాటి హెచ్చరిక కూడ ఉండదు.

ఇప్పుడు అప్‌డేటుల సంగతికి వత్తము. 2022 సంవత్సరమున లాస్ట్‌పాస్ అను ప్రసిద్ధమైన సాఫ్ట్‌వేరు గిడ్డంగినుండి వినియోగదారుల పెట్టెల నకళ్లను దొంగలు ఎత్తుకొనిపోయిరి. ఆ సంగతిని కంపెనీయే డిసెంబరులో ప్రకటించినది. పెట్టెలు మూసియే ఉన్నవి. కాని వినియోగదారులు ఏయే వెబ్‌సైట్లకు పాస్‌వర్డులు దాచుకొనిరో ఆ చిరునామాలు మాత్రము మూయక బహిరంగముగనే ఉండినవి. మూల పాస్‌వర్డును విసరు లెక్కను ఆ కంపెనీ 2018 నుండి 1,00,100 గా నిర్ణయించినది. అయినను అంతకుముందు చేరిన కొందరి ఖాతాలలో ఆ లెక్క 5,000 గానే మిగిలెను. మరికొన్ని పాత ఖాతాలలో అది కేవలము 1 అని తెలిసినది. క్రొత్తవారికి క్రొత్త తాళము, పాతవారికి పాత తాళమే.

ఈ అంకెల తేడా ఎంతటిదో చూడుడు. 2023 లో లాస్ట్‌పాస్, బిట్‌వార్డెన్ రెండును ఈ లెక్కను 6,00,000 కు పెంచినవి. 5,000 తో పోల్చిన ఇది 120 రెట్లు. మనకు పెట్టె తెరచుటలో ఒక రెప్పపాటు ఆలస్యమగును, అంతే. దొంగ మాత్రము ఊహించి చూచు ప్రతి మాటకును అంత శ్రమ పడవలెను. 5,000 లెక్కతో ఒక నెలలో తెరువగల పెట్టె, 6,00,000 లెక్కతో అదే దొంగకు పదేండ్లు పట్టును. బిట్‌వార్డెన్ అదే సంవత్సరము ఆర్గాన్2 అను మరియొక పద్ధతిని కూడ చేర్చినది. 2015 లో ఒక అంతర్జాతీయ పోటీలో నెగ్గిన ఈ పద్ధతి కాలమునే గాక కంప్యూటరు జ్ఞాపకశక్తిని కూడ విశేషముగా కోరును. కావున దొంగ ఒకేసారి వేల తిరుగళ్లు పెట్టి విసరుటకు వీలుచిక్కదు.

పాఠకులు గమనింపవలసిన ముఖ్య విషయము ఇచ్చటనే ఉన్నది. ఆ 2023 నాటి మార్పు బిట్‌వార్డెన్‌లో క్రొత్తగా చేరినవారికి తనంతట తాను వర్తించినది. పాతవారు మొదట తామే లోనికి పోయి ఆ అంకెను మార్చుకొనవలసి వచ్చినది. ప్రకటనను చదివినవారు మార్చుకొనిరి. చదువనివారి పెట్టెకు పాత తాళమే నిలిచినది. అప్‌డేటు వచ్చినదని వినినపుడు రంగులు, బొమ్మలు మారిన సంగతిని విడిచివేయవచ్చును. ‘పాత ఖాతాదారులు ఈ పని చేయవలెను’ అన్న వాక్యము ఉన్నదేమో మాత్రము వెదుకవలెను. మరియొక మాట. పెట్టె నకలు దొంగచేతిలో పడిన పిదప మూల పాస్‌వర్డు మార్చిన ప్రయోజనము లేదు. వానికడ ఉన్న నకలునకు పాత తాళమే ఉండును గదా. అప్పుడు మార్చవలసినవి పెట్టెలోపలి పాస్‌వర్డులు.

ఇదే న్యాయము పంచుకొనుటకును వర్తించును. పనిమానిన గుమాస్తా పేరును ఉమ్మడి పెట్టెనుండి తొలగించినంత మాత్రమున అతడు చూచిన మాట అతని మనస్సునుండి తొలగదు. కొన్ని సాఫ్ట్‌వేర్లు పాస్‌వర్డును చూపకయే వాడుకొనునట్లు చేయుదుమని చెప్పును. అది మర్యాదకు వేసిన తెర మాత్రమే. కొంచెము నేర్పుగలవాడు దానిని తొలగించి చూడగలడు. కావున మనిషిని తొలగించిన దినముననే పాస్‌వర్డును కూడ మార్చవలెను. ఊరకనే మూడునెలలకొకసారి మార్చుట అక్కరలేదనియు, బయటపడినదన్న ఆధారము ఉన్నపుడు తప్పక మార్చవలెననియు అమెరికా ప్రమాణముల సంస్థ 2017 లో సూచించినది.

ఇంటి యజమాని అకస్మాత్తుగా జబ్బుపడినచో ఏమగును? పాస్‌వర్డులన్నియు ఆయన ఒక్కనికే తెలిసి ఉన్నచో, ఆసుపత్రి ఖర్చుల వేళ ఇల్లాలు భీమా కాగితములు కూడ తెరువలేని స్థితి ఏర్పడును. దీనికై కొన్ని సాఫ్ట్‌వేర్లు అత్యవసర ప్రవేశమును కల్పించినవి. ముందుగా నియమించిన మనిషి తెరువగోరినచో యజమానికి కబురు పోవును. ఆయన నిర్ణయించిన గడువులోపల వలదని చెప్పనిచో పెట్టె తెరచుకొనును. మంచి ఆరోగ్యముతో ఉన్నపుడే ఈ పని చేసికొనవలెను. ఆపిల్ కంపెనీ 2023 లోను, గూగుల్ 2024 లోను కుటుంబములో పాస్‌వర్డులు పంచుకొను సౌకర్యమును తమ ఫోనులలోనే చేర్చినవి గనుక, ఇందుకు ప్రత్యేకముగా డబ్బు వెచ్చింపవలెనన్న నియమము కూడ లేదు.

ఎంత మంచి పెట్టెయైనను, పంచుకొనరానివి కొన్ని ఉన్నవి. బ్యాంకు పిన్‌ను, ఫోనుకు వచ్చు ఓటీపీని ఏ పద్ధతిలోను ఎవరికిని ఈయరాదు. బ్యాంకు వ్యవహారములో ఇంటివారికి పాలు కావలెనన్న ఉమ్మడి ఖాతా, నామినీ నియామకము అను సక్రమ మార్గములు ఉన్నవి. మోసము జరిగెనని తోచినంతనే 1930 నంబరునకు ఫోను చేయవలెను. ఆలస్యమైన కొలది పోయిన డబ్బును నిలువరించుట కష్టమగును.

నేటి సాయంకాలము ఇంటిల్లిపాదియు ఒకచోట కూర్చుండి మూడు ప్రశ్నలు వేసికొనుడు. మన పాస్‌వర్డులు ఏ పాత సందేశములలో పడియున్నవి? ఇంటికి రాకపోకలు మానినవారిలో ఎవరికి ఇంకను ఏ పాస్‌వర్డు తెలిసి ఉన్నది? యజమాని లేని వేళ పెట్టెను తెరువగలవారు ఎవరు? ఈ మూడింటికిని జవాబు వ్రాసికొని, దానిననుసరించి ఆ పాస్‌వర్డులను మార్చుకొన్నచో, ఆ ఇల్లు భద్రముగా ఉన్నదని చెప్పుటకు మేము వెనుదీయము.