ఇల్లు వచ్చినది, ఊరు రావలెను
(షోలాపురము – కుంభారి కార్మిక గృహములు)

షోలాపురమునకు చేరువగా, అక్కల్‌కోట పోవు దారిలో నున్న కుంభారి గ్రామమున మన కార్మికులకు కట్టిన ఇండ్ల సంగతి పాఠకులలో చాలమంది వినియే యుందురు. 2019 జనవరి 9వ తేదీన 30,000 ఇండ్లకు శంకుస్థాపన జరిగినది. వానిలో 15,000 ఇండ్లను 2024 జనవరి 19న ప్రధానమంత్రి శ్రీ నరేంద్ర మోదీ గారు అంకితము చేసిరి. ఈ రేనగర్ గృహములు పొందిన వారిలో చేమగ్గముల వారు, మరమగ్గముల కార్మికులు, బీడీలు చుట్టు స్త్రీలు, డ్రైవర్లు, చిత్తుకాగితము లేరువారు కలరు.

సొంత ఇల్లు మనవారికి ఎంత దూరపు మాటయో మాకు తెలియును. నైజాము ఇలాకాలో మగ్గము సాగక, కరువులకు తాళలేక మన పెద్దలు షోలాపురము చేరిరి. 1877లో స్థాపితమై, ఊరివారి నోట ‘జూనీ మిల్లు’ అయిన బట్టల మిల్లు మొదలు అనేక మిల్లులు వారికి పని యిచ్చినవి. ఆ మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడిన తరువాత మనవారు మరమగ్గములపై దుప్పట్లు, తువాళ్లు నేయుచు నిలద్రొక్కుకొనిరి. మగవారు మగ్గము వద్ద, ఆడవారు ఇంట బీడీల చేట ముందు కూర్చుండి సంసారము లీడ్చిరి. శ్రావణ పౌర్ణమి నాడు మార్కండేయస్వామి రథము వెంట మనవారు నడచు వీధులలోనే ఒక్క గది అద్దెకు తీసుకొని, మూడు తరములవారు కాపురము చేసిన కుటుంబము లెన్నో కలవు.

కుంభారిలో ఇండ్లు కట్టుట ఇదే మొదలు కాదు. మాజీ శాసనసభ్యులు శ్రీ నర్సయ్య ఆడం గారి నాయకత్వమున బీడీ కార్మిక స్త్రీలు చాలకాలము పాటుపడగా, గోదావరి పరుళేకర్ పేరిట 10,000 ఇండ్లు అక్కడనే వెలసి, 2006లో వారికి దక్కినవి. రేనగరు ఆ బాటలోనిదే.

ఇవి ఊరక వచ్చిన ఇండ్లని ఎవరును అనరాదు. శంకుస్థాపన నాడు ప్రకటించిన లెక్కలో మొత్తము వ్యయము 1,811.33 కోట్ల రూపాయలు. అందు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వముల సహాయము 750 కోట్లు. అనగా ఇంటికి సుమారు 6 లక్షలు కాగా, సహాయము రెండున్నర లక్షలు. మిగిలిన భారము కూలి డబ్బులతో బ్రతుకువారు సమకూర్చుకొనవలసినదే.

ఇక మేము ముఖ్యముగా చెప్పదలచిన మాట. షోలాపురము 1964లో నగరపాలక సంస్థ అయినది. అక్కడి పేటలలో కుళాయికి నీరు రాకున్న వార్డు సభ్యుని ఇంటికి పోవుట మనవారికి అలవాటు. కుంభారి పంచాయతీ గ్రామము. ఇక్కడ అడుగవలసిన చోటు గ్రామసభ. రాజ్యాంగము ప్రకారము ఆ గ్రామపు ఓటర్ల జాబితాలో పేరున్నవారే గ్రామసభ సభ్యులు. ఇల్లు కుంభారిలో, ఓటు పాత పేటలో ఉంచుకొన్నవాని మాటకు రెండు చోట్లను బలముండదు. పాత పేటవారు ‘వెళ్లిపోయినాడు’ అందురు. గ్రామమువారు ‘ఇంకను రాలేదు’ అందురు.

కావున తాళపుచెవి అందుకొన్న ప్రతి కుటుంబము వెంటనే చేయవలసిన పనులు మూడు. మొదటిది, ఓటర్ల జాబితాలో చిరునామా మార్పునకు 8వ నెంబరు ఫారము నింపి యిచ్చుట. రెండవది, ఇంటి కాగితములు, పన్ను రసీదులు ఒకచోట భద్రపరచుట. మూడవది, గ్రామసభకు తప్పక పోయి నీరు, మురుగు కాలువ, బడి, దవాఖానా, బస్సు విషయములు వ్రాతపూర్వకముగా అడుగుట. మరమగ్గముల కార్ఖానాలు నగరము వైపున నున్నవి. తెల్లవారి పాళీకి పోవువానికి బస్సు లేనిచో, మిగిలిన అద్దె డబ్బులు రిక్షాకే సరిపోవును. ఆకు, తంబాకు తెచ్చుకొని బీడీలు అప్పగించి వచ్చు స్త్రీకిని ఇదే చిక్కు.

మన ఆడపడుచులకు ప్రత్యేకముగా ఒక విన్నపము. ప్రధానమంత్రి ఆవాస పథకమున ఇల్లు స్త్రీ పేరిటనో, భార్యాభర్తల ఉమ్మడి పేరిటనో ఉండవలెనని నియమము. మహారాష్ట్రలో 2011 నుండి స్థానిక సంస్థలలో సగము స్థానములు స్త్రీలవి. ఇంటి కాగితముపై పేరున్న తల్లి గ్రామసభలో వెనుక వరుసన కూర్చుండనేల? మరాఠీ తడబడినను వెరవనక్కరలేదు. బిందె ఖాళీగా నున్నదని చెప్పుటకు ఏ భాషయైనను చాలును.

భివండిలోను, ముంబయిలోను, ఇతర రాష్ట్రములలోను స్థిరపడిన మన సోదరులకును ఇదే మా మనవి. ఎక్కడ ఇల్లు కట్టుకొన్నను, అక్కడి జాబితాలో పేరు వ్రాయించుకొనుడు. పడుగు ఎంత గట్టిదైనను పేక పడనిదే బట్ట కాదు. ఇండ్లు పడుగు, ఇరుగుపొరుగుతో కలిసి, సభలో కూర్చుండి మనము చేయు పనియే పేక.