చట్టం పొలం గట్టు దగ్గర ఆగిపోతే

మన ప్లెయిన్స్‌బరో నుంచి క్రాన్‌బరీ వైపు వెళ్తుంటే ఒకపక్క పొలాలు, మరోపక్క పెద్ద పెద్ద వేర్‌హౌసులు కనిపిస్తాయి. ఆ వేర్‌హౌసులో పదహారేళ్ళ కుర్రాడు ఫోర్క్‌లిఫ్టు నడపటానికి ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. పద్దెనిమిదేళ్ళు నిండాలి. అదే కుర్రాడు రోడ్డు దాటి పొలంలో కూలికి ట్రాక్టరు నడిపితే ఆ చట్టానికి అభ్యంతరం లేదు. పొలం సొంత తండ్రిదే అయితే పదేళ్ళవాడు నడిపినా అడ్డు లేదు. ఇదెక్కడి న్యాయం అని పాఠకులకు అనిపించవచ్చు.

లూయిస్ హైన్ అనే ఫోటోగ్రాఫరు 1910లో మన న్యూజెర్సీలోనే, బ్రౌన్స్ మిల్స్ దగ్గర క్రాన్‌బెర్రీ కోస్తున్న చిన్నపిల్లల ఫోటోలు తీశాడు. అలాంటి ఫోటోలు దేశాన్ని కదిలించాయి. 1938లో ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ చట్టం వచ్చింది. కాని ఫ్యాక్టరీకి ఒక నియమం, పొలానికి మరో నియమం ఏర్పడ్డాయి. 1970 నుంచి వ్యవసాయంలో ప్రమాదకరమైన పనుల జాబితా ఒకటి అమలులో ఉంది. పెద్ద ట్రాక్టర్లు, ఇరవై అడుగులు దాటిన నిచ్చెనలు, సైలోలు, ఘాటైన పురుగుమందులు అందులో ఉన్నాయి. కొన్ని మినహాయింపులతో, పదహారేళ్ళు నిండనివారిని ఆ పనులకు పెట్టుకోకూడదు. తల్లిదండ్రుల సొంత పొలానికి మాత్రం ఆ జాబితా వర్తించదు.

2011లో కార్మిక శాఖ ఈ నియమాలను బిగించాలని చూసింది. పదహారేళ్ళ లోపు కూలిపిల్లలను పొగాకు పనికి పెట్టరాదన్నది ఆ ప్రతిపాదనల్లో ఒకటి. తడిసిన పొగాకు ఆకు నుంచి నికొటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోయి వాంతులు, తల తిరగడం కలిగిస్తుంది. అయితే కుటుంబ వ్యవసాయం దెబ్బతింటుందని రైతు సంఘాలు ఎదురు తిరిగాయి. 2012 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆ ప్రతిపాదనలన్నీ వెనక్కి తీసుకుంది.

ఇది అమెరికావారి గొడవ, మనకెందుకు అనుకోవద్దు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలవారికి సీడు పత్తి సంగతి తెలిసే ఉంటుంది. హైబ్రిడ్ విత్తనం కావాలంటే ప్రతి పువ్వునూ చేత్తో ముట్టుకోవాలి. సాయంత్రం మొగ్గ విప్పి మగ భాగం తీసేయాలి. మర్నాడు పొద్దున మరో మొక్క పువ్వు తెచ్చి పుప్పొడి అద్దాలి. ఇది ఒకటి రెండు రోజుల పని కాదు, నెలల పని. దావులూరి వెంకటేశ్వర్లు గారు 2000 ప్రాంతంలో చేసిన అధ్యయనాలు ఈ పనిలో ఉన్నది ఎక్కువగా ఆడపిల్లలేనని లోకానికి చూపించాయి. తల్లిదండ్రులకు ముందే అడ్వాన్సు ఇచ్చి పిల్లను కుదుర్చుకునేవారు. చిన్న వేళ్ళైతే పువ్వు నలగదని సాకు చెప్పేవారు. అసలు కారణం, పిల్లకు కూలి తక్కువ, ఎదురు మాట్లాడదు.

వైద్యుడిగా నేను చెప్పగలిగింది ఒకటుంది. పత్తి చేను పిల్ల ముఖమంత ఎత్తున ఉంటుంది. నిన్న కొట్టిన మందు ఈరోజు ఆకుల మీదే ఉంటుంది. మన పత్తి చేలల్లో వాడుతూ వచ్చిన మోనోక్రోటోఫాస్ వంటి మందులు చర్మం గుండా కూడా లోపలికి పోతాయి. పిల్లల ఒంటి బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ, కాబట్టి అదే మందు పెద్దవాళ్ళ కన్నా వాళ్ళకి ఎక్కువ ఎక్కుతుంది. తలనొప్పి, చూపు మసక, నోట్లో నీళ్ళూరడం, వాంతులు వస్తాయి. ఇంట్లోవాళ్ళు ఎండదెబ్బ అనుకుని మజ్జిగ తాగించి పడుకోబెడతారు. చేను పరాయివాళ్ళదా, నాన్నదా అని మందు అడగదు. చట్టం మాత్రం అడుగుతుంది.

మన దేశపు 1986 చట్టం కొన్ని వృత్తులను జాబితాగా రాసి నిషేధించింది. వ్యవసాయంలో చాలా పనులు ఆ జాబితాలో చేరలేదు. 2016 సవరణ పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను ఏ పనికీ పెట్టుకోకూడదంది. అంతవరకు బాగానే ఉంది. కాని బడి అయ్యాక, సెలవుల్లో, ప్రమాదం లేని ఇంటి పనుల్లో సాయం చేయవచ్చని ఒక సందు వదిలింది. పరాయి పిల్లని చూపించి “మా అన్న కూతురండీ” అంటే ఏ ఇన్‌స్పెక్టరు కనిపెట్టగలడు?

ఆ సందు మూయడానికి మనవాళ్ళే ఒక దారి చూపారు. 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ పట్టుకున్న సూత్రం చాలా సులువైనది: బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే. పని ఏదో, పొలం ఎవరిదో అడగనక్కరలేదు, హాజరుపట్టీ చూస్తే చాలు. ఆ కృషికి నాయకత్వం వహించిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసె అవార్డు వచ్చింది.

పొలం పని నేర్చుకోవడం తప్పని నేననను. మనలో చాలామంది సెలవుల్లో నాన్న వెంట చేనికి వెళ్ళినవాళ్ళమే. కాని తూము తిప్పడం వేరు, మందు కొట్టిన చేలో పొద్దంతా నిలబడటం వేరు.

మన సభ్యుల్లో ఊళ్ళో పొలం కౌలుకిచ్చి వచ్చినవారున్నారు. ఈసారి ఫోను చేసినప్పుడు కౌలు డబ్బుల సంగతితో పాటు మరో మూడు ప్రశ్నలు అడగండి: చేలో పిల్లలు ఉన్నారా? వాళ్ళు బడికి పోతున్నారా? మందు కొట్టాక ఎన్ని రోజులకు చేలో దిగుతున్నారు? కౌలు కాగితంలో పిల్లలను పనికి పెట్టకూడదని ఒక మాట రాయించండి. చట్టం గట్టు దగ్గర ఆగినా, భూమి గలవాడి మాట గట్టు దాటి లోపలికి పోతుంది.