పులస డబ్బు పులసకే

గోదారికి ఎర్రనీరు తగిలిందన్న కబురు రాగానే పాలకొల్లులో ఫోన్లు మొదలవుతాయి. చించినాడ దగ్గర పడిందా, దొడ్డిపట్ల వైపు ఏమైనా దొరుకుతోందా, ఎంత తూగింది, శన (గుడ్లు) ఉందా? పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెతను ఈ ప్రాంతం ఏటా తు.చ. తప్పకుండా పాటిస్తూనే ఉంది. రేవులో వేలంపాటలో ఒక్క చేప పదివేలు దాటడం ఇప్పుడు వింత కాదు, ఇరవై వేలు దాటిన వార్తలూ చదువుతున్నాం. ఇంత డబ్బు చేతులు మారే చేప నానాటికీ పెరగాలి, లేదా కనీసం నిలకడగా ఉండాలి. జరుగుతున్నది దానికి తలకిందులు. ధర పెరిగేకొద్దీ చేప తగ్గుతోంది, తగ్గేకొద్దీ ధర పెరుగుతోంది. ఈ చక్రం ఆగాలంటే ఒకటే మార్గమని నా వాదన: పులస కోసం మనం పెట్టే డబ్బులో కొంత వాటా తిరిగి పులసకే చేరాలి. ఇవాళ అందులో ఒక్క రూపాయి కూడా చేరడం లేదు.

ముందు ఈ వేట ఎలాంటిదో చూడాలి. పులస గాలానికి పడే చేప కాదు. నీటిలోని సూక్ష్మజీవులను మొప్పలతో వడగట్టుకుని బతుకుతుంది కాబట్టి ఎరకు ఆశపడదు, పైగా గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురెక్కే రోజుల్లో తిండే బాగా తగ్గించేస్తుంది. అందుకే దీన్ని చిన్న నావ మీద నుంచి వలతోనే పట్టాలి. ఒకరు తెడ్డు వేస్తుంటే మరొకరు వలను ప్రవాహానికి అడ్డంగా జారవిడుస్తారు, ఆ తర్వాత నావా వలా కలిసి నీటి వాలుకు సాగుతాయి. సముద్రంలో విలసగా తిరిగిన చేప అంతర్వేది దగ్గర వశిష్ఠలోకి, యానాం దగ్గర గౌతమిలోకి జొరబడి, వరదకు ఎదురీదుతూ ఒంట్లో దాచుకున్న కొవ్వును ఖర్చు చేసుకుంటూ పైకి వస్తుంది. మనం మెచ్చుకునే రుచి ఆ ప్రయాణం ఇచ్చిందే. అయితే ఆ ప్రయాణం మన జిహ్వ కోసం కాదు, తర్వాతి తరం కోసం. ఒక్కో తల్లిచేప కడుపులో లక్షల గుడ్లుంటాయి. శన నిండిన చేపకే ఎక్కువ గిరాకీ అంటే, వచ్చే ఏళ్ల పంటను విత్తనంగా ఉన్నప్పుడే కొనుక్కుంటున్నామన్నమాట.

చేప తగ్గడానికి నావలవాళ్లే కారణమనడం అన్యాయం. దారికి అడ్డంగా ధవళేశ్వరం ఉంది. కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయింది, దాని స్థానంలో కట్టిన బ్యారేజీ 1982 నాటికి సిద్ధమైంది. ఆనకట్టలు వలసచేపల దారిని మూసేస్తున్నాయని చేపల శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ డే బ్రిటిష్ ప్రభుత్వాన్ని 1870ల్లోనే హెచ్చరించాడు. వేరే పేర్లతో పిలిచే ఇతర నదుల్లోనూ ఈ చేపకు ఇదే గతి పట్టింది. సింధు నది మీద 1955లో కోట్రి బ్యారేజీ కట్టాక అక్కడి ‘పల్లా’ కుంగిపోయింది. గంగ మీద 1975లో ఫరక్కా వచ్చాక అలహాబాదు దాకా వెళ్లిన హిల్సా పై గంగలో దాదాపు కనుమరుగైంది. ఆనకట్ట వచ్చి నూట డెబ్భై ఏళ్లయినా పులస బతికే ఉందిగా, మరి దాన్నెందుకు ఆడిపోసుకోవడం అని అడగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. బతికింది, కానీ ఉన్న చోటును కుదించుకుని బతికింది. గుడ్లు పెట్టే మేర ధవళేశ్వరం దిగువకు, వరదకు గేట్లు ఎత్తిన రోజులకు పరిమితమైపోయింది. అలా కుదించుకుపోయిన చోటనే ఈ రోజు నైలాను వలలూ, మోటారు పడవలూ, ఇరవై వేల ధరా కలిసి దాని మీద పడుతున్నాయి. నది పొడవునా పరుచుకున్న చేప తట్టుకునే వేటను, కొద్ది మైళ్లలో ఇరుక్కున్న చేప తట్టుకోలేదు. అలాగని చేపల నిచ్చెన ఒక్కటి కట్టేస్తే అన్నీ సర్దుకుంటాయని నమ్మడమూ కుదరదు. అమెరికాలో సస్కెహానా నది మీద కోనోవింగో ఆనకట్ట దగ్గర, మన పులసకు బంధువైన షాడ్ చేపను లిఫ్టులో ఎక్కించి పైకి పంపుతారు. 2001లో దాదాపు రెండు లక్షల చేపలు అలా ఎక్కాయి, తర్వాతి కాలంలో ఆ లెక్క కొన్ని వేలకు పడిపోయింది.

మరి వేట నిషేధం ఉంది కదా? ఉంది, సముద్రంలో. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లూ మోటారు పడవలూ సముద్రంలోకి వెళ్లకూడదు. ఆ రోజుల భృతి 2019లో పదివేలైంది, 2025లో ఇరవై వేలైంది. అది మంచి పనే. కానీ పులస గోదావరిలో అడుగుపెట్టేది జూలైలో, ఆ నిషేధం ముగిశాక. సముద్రపు చేపలకు దొరికే విరామం ఏటికెక్కే తల్లిచేపకు దొరకదు. ఇక్కడ బంగ్లాదేశ్ అనుభవం పనికొస్తుంది. అక్కడ ఇలిష్ పేరుతో ఇదే జాతీయ చేప. నవంబరు నుంచి జూన్ దాకా 25 సెంటీమీటర్లలోపు పిల్లను పట్టడం నేరం. అక్టోబరులో తల్లిచేపలు గుడ్లు పెట్టే వేళ 22 రోజులు వేట పూర్తిగా బంద్. చేపపిల్లల కోసం కేటాయించిన నదీభాగాల్లో వేట ఆపిన నెలల్లో మత్స్యకార కుటుంబానికి నెలకు 40 కిలోల బియ్యం ఇస్తారు. బియ్యం అందని ఇళ్లూ ఉన్నాయి, దొంగవేట కూడా పూర్తిగా ఆగలేదు. అయినా 2002-03లో రెండు లక్షల టన్నుల దగ్గరున్న దిగుబడి 2018-19 నాటికి అయిదు లక్షలు దాటింది. అక్కడి మేఘన నది ఎక్కడ, మన వశిష్ఠ ఎక్కడ అని కొట్టిపారేయకూడదు. నది చిన్నదైతే కాపలా కాయాల్సిన రేవులూ తక్కువే, ఆపాల్సిన నావలూ తక్కువే. పశ్చిమ బెంగాల్ కూడా 2013లో 23 సెంటీమీటర్లలోపు హిల్సాను పట్టడం నిషేధించింది.

అయితే బియ్యమైనా భృతైనా ఖజానా నుంచే రావాలా? దీనికి జవాబు అమెరికా ఉత్తర ప్రాంతంలో ఉంది. అక్కడి మహాసరస్సుల్లో లేక్ ట్రౌట్ అనే పెద్ద చేప ఉంటుంది. చిన్న పడవను మెల్లగా నడుపుతూ, వెనక లోతున గాలాన్ని ఈడ్చుకుపోతూ దాన్ని పడతారు. మితిమీరిన వేట వల్లా, ఓడల కాలువల గుండా చొరబడిన లాంప్రే అనే రక్తం పీల్చే చేప వల్లా 1950ల నాటికి ఆ ట్రౌట్ చాలా సరస్సుల్లో అంతరించే స్థితికి వచ్చింది. లాంప్రేను మందుతో అదుపు చేశారు, వేటను కట్టడి చేశారు, పిల్లలను వదిలారు. 2024లో సుపీరియర్ సరస్సులో చాలా మేర ట్రౌట్ తిరిగి నిలదొక్కుకుందని అక్కడి మత్స్య కమిషన్ ప్రకటించింది. మనం గమనించాల్సింది ఇలాంటి పనులకు అక్కడ నిధులు పోగయ్యే తీరు. 1950లో వచ్చిన డింగెల్-జాన్సన్ చట్టం గాలాల మీద, చేపలు పట్టే ఇతర సామగ్రి మీద వచ్చే పన్ను సొమ్మును రాష్ట్రాల చేపల సంరక్షణకు పంచుతుంది. లైసెన్సు రుసుమూ అటే వెళుతుంది. చేప మీద మోజున్నవాడే దాని ఖర్చు భరిస్తాడు.

గోదావరిలో అలా ఎందుకు జరగకూడదు? రేవులో వేలానికి వచ్చిన ప్రతి పులస మీద చిన్న సుంకం వేసి, దాన్ని మత్స్యకార సహకార సంఘం ఖాతాలో జమచేసి, తల్లిచేపలు ఎక్కువగా ఎక్కే కొన్నాళ్లు వల దించని నావలవాళ్లకు పంచాలి. ఏ రోజులన్నది శాస్త్రవేత్తలూ, పోటూ పాటూ ఎరిగిన నావలవాళ్లూ కలిసి తేల్చాలి. సుంకం వేస్తే అమ్మకం రేవు దాటి చాటుమాటుకు పోతుందన్నది గట్టి అభ్యంతరమే. ఇప్పటికే సగం బేరాలు ఫోన్లోనే ముగుస్తున్నాయి. కానీ కొనేవాడికి ఒక పెద్ద భయం ఉంది: ఒడిశా నుంచో, కోల్‌కతా వైపు నుంచో మంచులో వచ్చిన సముద్రపు విలసను పులసని చెప్పి అంటగడుతున్నారేమోనని. సుంకం కట్టిన చేపకు రేవులోనే నంబరున్న ముద్ర వేస్తే ఆ భయం పోతుంది. ఇరవై వేలు పెట్టేవాడు అసలుదన్న హామీ కోసం మరో అయిదు వందలు పెట్టడా? ముద్ర లేని చేపకు ధర దానంతటదే పడిపోతుంది. ఇక్కడ పోలీసు కంటే కొనేవాడి అనుమానమే బాగా కాపలా కాస్తుంది.

చెరువుల జిల్లాలో ఉండి ఇదంతా ఎందుకు, రొయ్యలాగా పులసనూ పెంచేస్తే పోలేదా అనే మాట పాలకొల్లు చుట్టుపక్కల తప్పకుండా వస్తుంది. హిల్సాను చెరువులో బతికించే ప్రయత్నాలు మన మత్స్య పరిశోధన సంస్థలు చేశాయి. కానీ ఇది పొలుసు ఇట్టే రాలిపోయే, నీళ్లలోంచి తీసిన కాసేపటికే ప్రాణం వదిలే సుకుమారపు చేప. వాణిజ్యపరంగా పిల్లల ఉత్పత్తి ఇంకా నిలదొక్కుకోలేదు. నిలదొక్కుకున్నా వరదకు ఎదురీదని చేపకు ఆ రుచి రాదు.

సుంకం, ముద్ర, విరామం అన్నవి సర్కారూ సంఘాలూ కలిసి చేయాల్సినవి. అందుకు శాసనసభలో కొత్త చట్టమే రానక్కర్లేదు, ఒక రేవులో ఒక సంఘం పూనుకుని ఒక్క సీజను నడిపి చూపించినా చాలు. కొనేవాళ్లు చేయగలిగింది మాత్రం ఈ ఎర్రనీటికే చేయవచ్చు. అరచేతిలో పట్టేంత పిల్ల పులసను ఎవరైనా అమ్మజూపితే వద్దనండి. శన ఉంటేనే కొంటామన్న పట్టుదల మానండి. చేప ఏ రేవులో పడిందో అడగండి, చెప్పలేనివాడి దగ్గర కొనకండి.