బేస్‌బాల్‌ను ఎవరు కనిపెట్టారు?



పోయిన నెల మన హాస్టల్లో పెట్టిన క్విజ్ మీకు గుర్తుండే ఉంటుంది. అందులో "బేస్‌బాల్ ఆటను కనిపెట్టినది ఎవరు?" అని ఒక ప్రశ్న వచ్చింది. నేను గబుక్కున చెయ్యెత్తి "అబ్నర్ డబుల్‌డే, 1839" అని చెప్పేశాను. జి.కె. పుస్తకంలో అలాగే ఉంది, నేను బట్టీ పట్టాను. మా గ్రూపుకు 2 మార్కులు వచ్చాయి. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత తెలిసింది ఏమంటే, ఆ జవాబు తప్పు. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందు ఆట సంగతి చెప్తాను. బేస్‌బాల్ మనం ఆడే సాఫ్ట్‌బాల్ లాంటిదే. సాఫ్ట్‌బాల్ దీని నుంచే 1887లో చికాగో నగరంలో పుట్టింది. క్రికెట్‌లో పిచ్ మీద అటూ ఇటూ పరుగెత్తుతారు గదా, ఇందులో అలా కాదు. నాలుగు మూలలు ఉంటాయి. ఒక మూల దగ్గర నిలబడి బంతిని కొట్టి, మిగతా మూడు మూలలు వరసగా తాకి, బయలుదేరిన చోటికే తిరిగి రావాలి. అప్పుడే ఒక పరుగు. ఈ మూలలనే బేసులు అంటారు. ఆటకు ఆ పేరు అందుకే వచ్చింది.

డబుల్‌డే కథ ఎలా పుట్టింది?

1900 తర్వాత అమెరికాలో ఈ ఆట ఎక్కడిది అని పెద్ద వాదం నడిచింది. హెన్రీ చాడ్విక్ అనే పత్రికా రచయిత, ఇది ఇంగ్లండ్ పిల్లలు ఆడే రౌండర్స్ ఆట నుంచి వచ్చింది అన్నాడు. ఆయన పుట్టింది ఇంగ్లండ్‌లోనే. ఆల్బర్ట్ స్పాల్డింగ్ అనే ఆయన ఒప్పుకోలేదు. ఈయన ఒకప్పటి ఆటగాడు, ఆట సామాన్ల వ్యాపారి. ఇది అచ్చంగా అమెరికా ఆటే అని ఈయన పట్టుదల. 1905లో దీనికోసం ఒక కమిషన్ వేశారు. అప్పుడు అబ్నర్ గ్రేవ్స్ అనే ముసలాయన ఒక ఉత్తరం రాశాడు. న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్ అనే ఊళ్ళో డబుల్‌డే ఈ ఆట తయారుచేశాడు అని అందులో ఉంది. కమిషన్ ఆ ఉత్తరాన్ని నమ్మి, 1907 చివరలో "1839లో డబుల్‌డే కనిపెట్టాడు" అని తేల్చేసింది.

ఇప్పుడు మీరే లెక్క వేయండి. 1839లో గ్రేవ్స్ వయసు 5 ఏళ్ళు. ఉత్తరం రాసింది 66 ఏళ్ళ తర్వాత. ఇంకొకటి, 1839లో డబుల్‌డే వెస్ట్ పాయింట్ అనే చోట సైనిక కళాశాలలో చదువుకుంటున్నాడు. తర్వాత పెద్ద సైన్యాధికారి అయ్యాడు. 1893లో చనిపోయాడు. బేస్‌బాల్ నేనే కనిపెట్టాను అని ఆయన తన జీవితంలో చెప్పుకోలేదు. చనిపోయినాయన్ని అడగడానికి లేదు గదా! అయినా సరే 1939లో ఆ ఊళ్ళోనే బేస్‌బాల్ మ్యూజియం తెరిచారు. ఇప్పటికీ అది అక్కడే ఉంది.

మరి అసలు సంగతి ఏమిటి?

1744లో లండన్‌లో జాన్ న్యూబెరీ అనే ఆయన అచ్చువేసిన చిన్నపిల్లల పుస్తకంలోనే బేస్‌బాల్ బొమ్మ, పేరు ఉన్నాయి. ఆ బొమ్మలో బేసుల చోట గుంజలు పాతి ఉంటాయి. 1755లో ఇంగ్లండ్‌లో విలియం బ్రే అనే యువకుడు ఈస్టర్ మర్నాడు బేస్‌బాల్ ఆడానని డైరీలో రాసుకున్నాడు. ఆయనతో ఆడినవాళ్ళలో ఎక్కువమంది అమ్మాయిలే! జేన్ ఆస్టెన్ అనే రచయిత్రి నవల నార్తాంగర్ ఆబీ 1817 చివరలో వచ్చింది. అందులో కేథరిన్ అనే అమ్మాయికి 14 ఏళ్ళప్పుడు పుస్తకాల కన్నా క్రికెట్, బేస్‌బాల్ అంటేనే ఇష్టం. నాకూ 14 ఏళ్ళే. (వార్డెన్ మేడం గారూ, నేను పుస్తకాలు కూడా చదువుతాను.) మగపిల్లల ఆట అనేవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఇంగ్లండ్ నుంచి వలస వెళ్ళినవాళ్ళతో ఇలాంటి ఆటలు అమెరికా చేరాయి. 1791లో పిట్స్‌ఫీల్డ్ అనే ఊళ్ళో, కొత్తగా కట్టిన మందిరం కిటికీలు పగలకూడదని, 80 గజాల లోపల బేస్‌బాల్ ఆడరాదు అని కట్టడి చేశారు. అంటే డబుల్‌డే పుట్టకముందే అక్కడ ఆడేవాళ్ళు ఉన్నారన్నమాట.

అప్పట్లో ఊరికొక పద్ధతి ఉండేది. కొన్నిచోట్ల పరుగెత్తేవాడిని బంతితో కొడితే అవుట్. మన ఏడు పెంకులాటలో వీపు మీద కొడతాం చూడండి, అలాగే. 1845లో న్యూయార్క్‌లో నికర్‌బాకర్ అనే క్లబ్బు వాళ్ళు నియమాలు కాగితం మీద రాశారు. మనిషిని బంతితో కొట్టకూడదు అన్నారు. దెబ్బ తగిలే భయం లేదు కాబట్టి తర్వాత గట్టి బంతి వాడటానికి వీలైంది. 1846 జూన్ 19న హోబోకెన్‌లో ఈ క్లబ్బు ఇంకో జట్టుతో ఆడి 23-1 తేడాతో ఓడిపోయింది. నియమాలు రాసినవాళ్ళే ఓడిపోయారు! 1857లో క్లబ్బులన్నీ కూర్చుని జట్టుకు 9 మంది, 9 ఇన్నింగ్స్, బేసుకూ బేసుకూ మధ్య 90 అడుగులు అని నిర్ణయించాయి. 1869లో సిన్సినాటి జట్టు ఆటగాళ్ళందరికీ బాహాటంగా జీతాలిచ్చింది. 1876లో నేషనల్ లీగ్ మొదలైంది.

ఒక బాధాకరమైన సంగతి కూడా చెప్పాలి. 1867లో క్లబ్బుల సంఘం, నల్లవారు ఉన్న క్లబ్బులను చేర్చుకోము అన్నది. తర్వాత పెద్ద లీగులలో కూడా వాళ్ళను చాలా ఏళ్ళు రానివ్వలేదు. 1947లో జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ జట్టులోకి వచ్చాకే ఆ అడ్డు తొలగింది. 1897లో పెనాబ్‌స్కాట్ తెగకు చెందిన లూయీ సాకలెక్సిస్ అనే ఆదివాసి క్లీవ్‌లాండ్ జట్టులో ఆడాడు. జనం వెక్కిరిస్తూ కూతలు పెట్టేవారు. ఆ ఏడు ఆయన బ్యాటింగ్ చాలా బాగుంది. ఇది చదివినప్పుడు నాకు సంతోషం, ఏడుపు రెండూ వచ్చాయి.

కాబట్టి బేస్‌బాల్‌ను ఏ ఒక్కరూ కనిపెట్టలేదు. ఎందరో పిల్లలు, ఆడవాళ్ళు, మగవాళ్ళు ఆడుతూ ఆడుతూ మార్చుకున్నారు. మన ఏడు పెంకులాటను కనిపెట్టిన ఆయన పేరు ఎవరైనా చెప్పగలరా? ఇదీ అంతే.

మా ఇంట్లో చదువుకున్నది నేనే మొదటిదాన్ని. అచ్చులో ఉంటే అది నిజమే అనుకునేదాన్ని. పెద్ద కమిషన్ రాసినా సరే, ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు అని అడగాలని ఇప్పుడు తెలిసింది. క్విజ్‌లో మా గ్రూపుకు వచ్చిన ఆ 2 మార్కులు తీసేసినా నాకు బాధ లేదు. మా గ్రూపు వాళ్ళు మాత్రం నన్ను తిట్టకూడదని మనవి.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి