తీగకూ స్పీకరుకూ నడుమ

రాజోలు నుంచి చించినాడ వంతెన మీదుగా వశిష్ఠ గోదావరి దాటితే పాలకొల్లు. 1969లో కర్ణాటక సంగీత విద్వాంసుడు మాండలిన్ శ్రీనివాస్ పుట్టిన ఊరు. మాండలిన్‌కు మామూలుగా నాలుగు జతల తీగలుంటాయి. మీటిన స్వరం చటుక్కున ఆరిపోతుంది, జంట తీగలను కలిపి లాగి గమకం పలికించడం కష్టం. అందుకే ఆయన ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టారు. కరెంటు తగిలితే కర్ణాటక సంగీతం స్వచ్ఛత పోతుందన్న అభ్యంతరం తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. కానీ ఆ వాద్యంలోని పికప్ చేసేదేమిటి? అయస్కాంతం చుట్టూ సన్నని రాగి తీగ చుట్టిన చుట్ట అది. పైన ఉక్కు తీగ కంపిస్తే, ఆ కంపనాన్ని బట్టే చుట్టలో విద్యుత్తు పుడుతుంది. గమకం మాత్రం వేలిదే. పరదేశి ఫిడేలును మన కచేరీ ఏనాడో సొంతం చేసుకుంది కదా!

అలాగని పికప్ రంగులేని అద్దమూ కాదు. పాత పెడల్ స్టీల్ గిటార్లు చూస్తే ఇది తెలుస్తుంది. (స్వరం నుంచి స్వరానికి జారే ఆ వాద్యం మన చెవికి దగ్గరిదే.) రెండు మెడలున్న వాటిలో ఏ మెడ పికప్ పలకాలో స్విచ్ నిర్ణయిస్తుంది. ఒంటి చుట్ట పికప్ మెరుపుగా పలుకుతుంది గాని కరెంటు హోరునూ పట్టుకుంటుంది. 1955లో గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ రెండు చుట్టలను ఒకదానికొకటి ఎదురుగా కలిపి ఆ హోరును చాలావరకు అణిచారు. వాటిని సిరీస్‌లో కలిపితే ధ్వని బరువుగా, పేరలల్‌లో కలిపితే పలచగా, స్పష్టంగా వస్తుంది. స్విచ్‌తో ఒక చుట్టను తప్పిస్తే మెరుపుతోపాటు హోరూ తిరిగొస్తుంది. ఇదంతా ఆంప్లిఫయర్ గుండీతో సరిచేయొచ్చంటారు. చుట్ట పట్టని ధ్వనిని గుండీ ఎక్కడి నుంచి తెస్తుంది? చుట్టలను కలిపిన తీరులోనే ధ్వని ఉంది. అందుకే పాత వాద్యం బాగుచేసేవారు సోల్డరింగ్ విప్పేముందే ఏ వైరు ఎక్కడికి పోతోందో బొమ్మ గీసుకోవాలి.