తెరచాప స్తంభం ఎక్కడ విరుగుతుంది?

అంకాపూర్ వంటి పసుపు పండే ఊళ్లలో పార కామ విరగడం రైతుకు కొత్త కాదు. అది నడుమ విరగడం అరుదు. ఇనుములోకి కామ దిగే మెడ దగ్గరే తరచుగా విరుగుతుంది. కర్ర నాసిరకమని అంగడివానిని నిందించడం మామూలే గాని, అసలు కారణం వేరు. వంగే కర్రను వంగని ఇనుము ఎక్కడ బిగించి పట్టుకుంటుందో అక్కడే ఒత్తిడి పోగుపడుతుంది. సముద్రానికి ఎంతో దూరాన ఉన్న ఈ ఊరిలో కనిపించే సూత్రమే అలలపై సాగే విండ్‌సర్ఫింగ్ క్రీడకూ వర్తిస్తుంది.

ఈ క్రీడలో ఆటగాడు పలకపై నిలబడి, గాలి నిండిన తెరచాపను చేతులతో అదుపు చేస్తాడు. తెరచాపను నిలిపే స్తంభం మాస్ట్. దానికి అడ్డంగా, ఇంచుమించు భుజాల ఎత్తున బిగించిన చేతిపట్టు బూమ్. 1970లో అమెరికాలో పేటెంటు పొందిన ఈ సాధనానికి తొలి రోజుల్లో టేకు బూమ్‌లు ఉండేవి. తరువాత అల్యూమినియం, కార్బన్ పోగులు వాటి స్థానాన్ని ఆక్రమించాయి.

మాస్ట్ బోలుగా ఉండే గొట్టం. గాలి తాకిడికి అది వంగినప్పుడు ఒక వైపు సాగుతుంది, మరొక వైపు నలుగుతుంది. బూమ్ బిగింపు పడే చోట ఈ నలుగుడుకు బిగింపు ఒత్తిడి కూడా తోడవుతుంది. పలచని గోడ అక్కడ లోపలికి కుంగితే స్తంభం నిలువదు. కార్బన్ తేలికైనది, దృఢమైనది. కాని రాతిపై పడిన చిన్న దెబ్బను సైతం దాచుకొని, మరొకనాడు హెచ్చరిక లేకుండా విరుగుతుంది. అల్యూమినియం చాలావరకు ముందుగా వంగి తన స్థితిని తెలుపుతుంది. ఈ విషయంలో పాత లోహమే నిజాయితీ గలది!

హైదరాబాదు హుస్సేన్‌సాగర్‌లో పోటీలకు దిగే లేజర్ పడవల మాస్ట్ రెండు ముక్కలుగా ఉంటుంది. దాని అల్యూమినియం పైముక్క రివెట్టు రంధ్రం వద్ద విరుగుతుండేది. 2017లో మిశ్రమ పదార్థంతో చేసిన పైముక్కకు అనుమతి లభించింది.

సముద్రంలో ఉప్పునీరు మరొక శత్రువు. తడిసిన కార్బన్, అల్యూమినియం ఒకదానినొకటి తాకి ఉంటే అల్యూమినియం త్వరగా క్షయమవుతుంది. అతుకులో చిక్కిన ఇసుక గొట్టాన్ని గీస్తుంది. అందుకే ఆట ముగియగానే మంచినీటితో కడిగి, ముక్కలను విడదీసి, నీడలో ఉంచుతారు. కామ విరిగితే రైతుకు ఒక పూట పని చెడుతుంది. తీరం నుండి సముద్రం వైపు గాలి వీచే వేళ మాస్ట్ విరిగితే ఆటగాడు ఒడ్డుకు దూరంగా కొట్టుకుపోతాడు.